కొల్లాపూర్ దాకా పట్టాలు

జడ్చర్ల,
12 నవంబర్ 2022.

చిరంజీవి సుహాసినికి,

మీ మామ వెంకటయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం తింటున్నాం, తిరుగుతున్నాం. అక్కడ నువ్వు వేళకు తింటున్నావా లేదా అని మీ అత్త నన్ను రోజూ అడుగుతుంది, నాకేదో తెలిసినట్టు.

ఫోన్ ఉండగా ఈ కాగితమేమిటని అనుకుంటావు. ఫోన్‌లో "బాగున్నవా బిడ్డా" అని నేను, "బాగున్న మామయ్యా" అని నువ్వు అన్నాక మనిద్దరికీ ఇంకో మాట దొరకడం లేదు. కాగితమైతే ఆ ఇబ్బంది లేదు. ఆర్టీసీలో కండక్టర్‌గా ఉన్నన్నాళ్ళూ పెన్ను చెవి మీదే ఉండేది గాని, ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకో.

విషయం ఏమంటే, మేడ మీది హాలు తాళం తీశాను. గోపి మనల్ని విడిచి పోయాక ఏడాదికి పైగా అది మూసే ఉంది. మొన్నటి వానలకు కప్పు కారిందేమో చూసి దిగిపోదామని ఎక్కాను. కారలేదు. వాడు తన బొమ్మ రైలు మీద మీ అత్త పాత చీరలు కప్పి ఉంచాడు కదా, అవి అలాగే ఉన్నాయి. తీసి చూస్తే కింద అంతస్తులో జడ్చర్ల స్టేషను, పత్తి మిల్లు, గూడ్సు బండ్లు. దాని పైన రెండో అంతస్తులో మహబూబ్‌నగర్, గుట్టలు, సొరంగం. ఒక్కటీ చెడలేదు. మూడో అంతస్తుకు మాత్రం గోడ పొడుగునా ఇనుప బ్రాకెట్లు కొట్టి వదిలేశాడు. అది మీ కొల్లాపూర్. మీ ఊరికి రైలు లేదని పెళ్ళయిన కొత్తలో నువ్వు అన్నందుకు "సర్కారు ఏసినప్పుడు ఏస్తది, అందాక మా ఇంట్ల నేనేస్త" అన్నాడు వాడు. నేను పక్కనే ఉన్నాను. నవ్వాను.

బ్రాకెట్లు అట్లా ఉత్తగా చేతులు చాచుకొని ఉంటే చూడలేకపోయాను. దసరా నుంచి పని మొదలుపెట్టాను. కింది నుంచి పైకి బండి ఎక్కడానికి మూలన చుట్లు చుట్లుగా కట్టిన దారి ఉంది కదా, మీరిద్దరూ జిలేబి అనేవారు. దాన్ని గోపి రెండో అంతస్తు దాకా కట్టాడు. అక్కడి నుంచి పైకి నేను కడుతున్నాను. వాడి చుట్లలో బండి హాయిగా ఎక్కుతుంది. నా చుట్టులోకి రాగానే చక్రాలు తిరుగుతాయి, బండి కదలదు. జబ్బు ఇంజనుకా, నా దారికా? నువ్వు వాడి పక్కన నిలబడి చెక్కలు పట్టుకున్నదానివి, నీకు తెలుస్తుంది. తీరిక చూసుకొని రాయి.

చలి మొదలైంది, చెవులు కప్పుకొమ్మని మీ అత్త చెప్పమంది.

ఇట్లు
మీ మామ,
వెంకటయ్య


కొల్లాపూర్,
24 నవంబర్ 2022.

పూజ్యులైన మామయ్యకు,

సుహాసిని నమస్కారాలు. వేళకే తింటున్నానని అత్తమ్మకు చెప్పండి. మా అమ్మ సైదమ్మ తినకుండా వదలదు. మా బాపు గొర్రెలను తోలుకొని నల్లమల అంచుకు వెళ్ళాడు, గడ్డి ఉన్నన్నాళ్ళూ ఇంటి ముఖం చూడడు.

మీ ఉత్తరం దవాఖానకు వచ్చింది. నేను పనిచేసే రక్త పరీక్షల గదిలో అందరి ముందూ విప్పాను. అది పొరపాటు. మిగిలింది చదవడానికి బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకోవలసి వచ్చింది.

మామయ్యా, ఒక మాట అడుగుతాను, కోపం చేసుకోకండి. ఆ బండిని వదిలేయండి. ఏదైనా బడికి ఇచ్చేయండి, పిల్లలు చూసుకుంటారు. ఈ వయసులో మీరు స్టూలెక్కి గోడలకు మేకులు కొట్టడం నాకు ఇష్టం లేదు. అసలు సంగతి అదీ కాదు. సంవత్సరీకానికి వచ్చినప్పుడు నేను మేడ ఎక్కలేదు. మీరు చూసే ఉంటారు. మెట్ల దగ్గర చెప్పులు విడిచి, మళ్ళీ తొడుక్కున్నాను. అక్కడ ఒక బండి తిరుగుతోందని తెలిస్తే నాకు ఇక్కడ కూడా వినబడుతుంది.

పొద్దున పరీక్షలకు వచ్చేవాళ్ళు సూదికి భయపడకుండా ఏదో ఒకటి మాట్లాడిస్తాను. ఏ ఊరు, ఎట్లొచ్చినవ్ అని అడుగుతాను. బస్సు అంటారు, ఆటో అంటారు, సోమశిల వైపు వాళ్ళు పడవ అంటారు. రైలు అని ఎవరూ అనరు. అననందుకు సంతోషిస్తానో, ఎదురుచూస్తానో నాకే తెలియదు.

అత్తమ్మకు నమస్కారాలు.

సుహాసిని


జడ్చర్ల,
11 డిసెంబర్ 2022.

చిరంజీవి సుహాసినికి,

నీ ఉత్తరం అందింది. నేను చదివి మీ అత్తకు వినిపించాను. బాత్రూం సంగతి వదిలేసి వినిపించాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. బడిలో లెక్కలు చెప్పే పరశురాం సార్‌ను ఇంటికి పిలిచాను. ఆయన మేడ ఎక్కి, బండి నడిపించుకొని చూసి, చిన్నపిల్లవాడిలా మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. తరువాత టేపు తీసి కొలిచి, మెట్ల మీదుగా దించాలంటే రంపం పెట్టి నాలుగు ముక్కలు చెయ్యాలన్నాడు. జడ్చర్ల ఒక ముక్క, మహబూబ్‌నగర్ రెండు ముక్కలు, జిలేబి ఒకటి. నేను సరేనన్నాను. సరేనని అన్నానే గాని నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అప్పటికి మీ అత్త గడప దగ్గర నిలబడి ఉంది. ఒక్క మాటే అంది: "సారూ, చాయ సల్లారుతాంది, తాగి పోండ్రి." ఆయన తాగి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

కాబట్టి అది ఇక్కడే ఉంటుంది. నీకు వినబడకుండా నడుపుతాను.

నువ్వు ఒక్క సంగతి రాయలేదు. ఎక్కడానికి దారి ఎంత వాలు ఉండాలి? నేను కట్టింది గీసి పంపుతున్నాను. బొమ్మ సరిగ్గా రాలేదు, జిలేబి కంటే మురుకు మాదిరి ఉంది. కింద కొలతలు వేశాను. రాయాలనిపిస్తేనే రాయి. లేకపోతే ఇంజను మార్చి చూస్తాను.

మీ బాపుకు నా తరఫున చెప్పు, అడవిలో పులి అలికిడి ఉందని పేపరులో చదివాను, మందను చీకటి పడకముందే దొడ్డికి తోలుకొమ్మను. ఆయనకు నేను చెప్పేదేముంది, అయినా చెప్పు.

మీ మామ,
వెంకటయ్య


కొల్లాపూర్,
8 జనవరి 2023.

పూజ్యులైన మామయ్యకు,

నమస్కారాలు. జబ్బు ఇంజనుకు కాదు, మీ దారికే. ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి బండి మూడున్నర అంగుళాలకు మించి ఎక్కకూడదు. మీరు ఐదు ఎక్కించారు. తొందరగా పై అంతస్తు చేరాలని చూశారు. ఇంకో చుట్టు ఎక్కువ వేయండి, మెల్లగా ఎక్కుతుంది. వంపులో లాగడం తిన్నని దారిలో లాగడం కంటే కష్టం, అందుకని పెట్టెలు కూడా తగ్గించండి. నడిపే ముందు పట్టాలను స్పిరిట్ ముంచిన గుడ్డతో తుడవాలి. ఏడాది దుమ్ము ఉంటుంది. చక్రాలను కూడా తుడవండి.

ఇవన్నీ రాయకూడదనుకున్నాను. మీ బొమ్మను సంచిలో పెట్టుకొని తిరిగాను. నిన్న మధ్యాహ్నం తిండి వేళకు బల్ల మీద పరిచి చూస్తుంటే నాగరాజు గారు వచ్చారు. ఆయన మా దవాఖానలో ఎక్స్‌రేలు తీస్తారు. ఇదేమిటి, బావికి మెట్లా అని అడిగారు. చెప్పడం మొదలుపెట్టాను. గుట్టలకు థర్మకోల్ ఎట్లా చెక్కేవాడో, పిండి జల్లెడతో మట్టి జల్లి ఎట్లా అంటించేవాడో, అత్తమ్మ జల్లెడ కోసం వెతికి వెతికి ఎట్లా తిట్టేదో. చెబుతూ నవ్వాను కూడా. గోపి పేరు ఎత్తగానే ఇక్కడ అందరూ తల దించుకుంటారు. ఆయన దించుకోలేదు, తరువాత ఏమైందని అడిగారు. తిండి వేళ అయిపోయింది.

చుట్టు కట్టేటప్పుడు ఒకరు కింద పట్టుకోవాలి. మీరు ఒక్కరే చేయకండి.

సుహాసిని


జడ్చర్ల,
19 ఫిబ్రవరి 2023.

చిరంజీవి సుహాసినికి,

ఆశీస్సులు. బండి ఎక్కింది. నువ్వు చెప్పినట్టు ఒక చుట్టు పెంచాను, రెండు పెట్టెలు తీసేశాను, మీ అత్త కింద పట్టుకుంది. పట్టుకొని "ఇంకెంత సేపు, నా చేతులు గుంజుతున్నయి" అని అంటూనే ఉంది, వదలలేదు. బండి కొల్లాపూర్ చేరింది. నా నుదుటికి ఎదురుగా వచ్చి ఆగింది. నేను కండక్టర్‌ను కదా, నోటి దాకా వచ్చింది, దిగండి దిగండి అని.

ఆగిందే గాని, తిరిగి రావడమెట్లా? గోపి గోడ మీద పెన్సిలుతో గీసిన గీత కొల్లాపూర్‌లో ఆగిపోయింది. అవతల ఏమీ లేదు. వెనక్కి నడిపితే జిలేబిలో పెట్టెలు ఒకదానినొకటి నెట్టుకొని పడిపోతున్నాయి. "పోయిన బండి మల్ల రావొద్దా" అని మీ అత్త పట్టుబట్టింది. తిప్పుదామంటే అక్కడ జాగా లేదు, గోడ అడ్డం. గోడ అవతల మీ గది. గోడకు బొక్క కొట్టి, మీ గదిలో పైన చెక్క వేసి, బండిని గుండ్రంగా తిప్పి అదే బొక్కలోంచి తెద్దామని ఆలోచన. మంచం, బీరువా జరపవలసి ఉంటుంది. ఆ గది ఎట్లాగూ ఖాళీగానే ఉంటోంది కదా. నువ్వేమంటావు?

మన పక్కింటి బక్కమ్మ ఎవరిదో పెళ్ళికని మీ ఊరు వెళ్ళి వచ్చింది. బస్టాండు దగ్గర నిన్ను చూసిందట. ఏవేవో చెప్పింది. నేను పట్టించుకోలేదు. నీ మీద మాకు ఏ పట్టింపూ లేదు బిడ్డా. మా గురించి ఆలోచించకు. నీ దారి నువ్వు చూసుకో.

మీ మామ,
వెంకటయ్య


కొల్లాపూర్,
2 మార్చి 2023.

పూజ్యులైన మామయ్యకు,

బక్కమ్మ ఏం చూసిందో, ఏం చెప్పిందో నాకు తెలియదు. మీరు పట్టించుకోలేదని రాశారు. పట్టించుకోనివాళ్ళు రాయరు.

గోడ మీది, ఇల్లు మీది. నన్ను అడగవలసిన అవసరం లేదు. ఆ గది ఖాళీగా ఉందని మీరు రాశాక, అందులో నా సామాను ఎందుకు అడ్డం? బీరువా, కుట్టుమిషను, పుస్తకాలు ఎవరితోనైనా పంపించండి.

నీ దారి నువ్వు చూసుకో అన్నారు. అలాగే.

సుహాసిని


జడ్చర్ల,
15 మార్చి 2023.

చిరంజీవి సుహాసినికి,

నువ్వు అడిగినట్టే బీరువా, కుట్టుమిషను, పుస్తకాల పెట్టె ట్రాలీ ఆటోలో పంపుతున్నాను. డ్రైవర్ దుర్గయ్య తెలిసినవాడు, ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. బీరువా అద్దానికి దుప్పటి చుట్టాను. గోపి బట్టలు నీకు కావాలో వద్దో తెలియలేదు. అడగడానికి నోరు రాలేదు. ఇక్కడే ఉంచాను.

నీకు అక్కడ కొత్తగా ఇల్లు సర్దుకొనే అవసరం వచ్చిందేమో. వస్తే మంచిదే. ముందే చెబితే నేనూ వెంట వచ్చి దించేవాణ్ణి.

గోడ కొట్టలేదు. కొట్టను. బండి పైనే ఉంది.

మీ మామ


జడ్చర్ల,
25 జూన్ 2023.

చిరంజీవి సుహాసినికి,

నీ నుంచి జవాబు లేదు. ఉగాది వెళ్ళింది, ఎండలు వెళ్ళాయి, మృగశిర కూడా వచ్చింది. నేను రాయవద్దనుకున్నాను. మీ అత్త ఊరుకోవడం లేదు. తను చెబుతుంది, నేను రాస్తాను. ఒక్క మాట కూడా మార్చవద్దని ఒట్టు పెట్టించుకుంది. ఇక్కడి నుంచి ఆమె మాటలు.

"సుహాసినీ, నీ సామాను బండికెక్కిచ్చిన నాడు నేను బువ్వ తినలే. మీ మామ ఊరందరికి టికెట్లిచ్చిండు గని మనిషికి మాట చెప్పరాదు. గది ఖాళీ జెయ్యమని నిన్నెవలన్నరు బిడ్డా? ఆ గదిల ఎవలుంటలేరు, గందుకే రైలన్న వొయ్యి రానియ్యి అన్న నేను. నీ గదిల సప్పుడుండాలె. గది మూసి పెడితే నేనే మల్ల వొయ్యి తీస్త. నీ సామానుండంగనే, మంచం జర పక్కకు జరిపి, పైకెల్లి తిప్పాలె అనుకున్నం. బీరువ పంపుమని నువ్వంటివి, పంపె మీ మామ. నువ్వు అలిగి అడిగినవని నాకు ఎర్కనే. గాయనకు ఎర్క గాలె.

"బక్కమ్మ ఏం చెప్పిందంటవా, నువ్వు ఒక పిలగానితోని నిలవడి చాయ తాగుతున్నవని చెప్పింది. తాగు. ఆయన మంచోడేనా? సార గీర తాగుతడా? నీతోని నిమ్మలంగ మాట్లాడుతడా? గది చెప్పు నాకు. గోపిగాడు యాదికొస్తడని నువ్వొక్కదానివే కూసుంటే వాడు మల్ల రాడు. నేను రోజు ఎదురు జూస్తనే ఉన్న, వస్తలేడు. ఒక్కన్ని పోగొట్టుకున్న. నిన్ను గూడ పోగొట్టుకోమంటవా?"

అంతే చెప్పింది. చెప్పి బావి దగ్గరికి వెళ్ళింది, అంట్లు ఏమీ లేకపోయినా.

నేను కలపవలసింది ఒక్కటే. నీ దారి నువ్వు చూసుకో అని నేను రాసింది, మా కోసం ఆగిపోవద్దని. వేరే విధంగా చదవవచ్చని మీ అత్త చెప్పేదాకా నాకు తట్టలేదు.

వెంకటయ్య


కొల్లాపూర్,
6 జూలై 2023.

మామయ్యకు, అత్తమ్మకు,

మీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఎన్నోసార్లు చదివాను. అత్తమ్మ మాటలు వస్తే పైకి చదివాను, ఆమె గొంతులో.

బీరువా మా వరండాలో అలాగే ఉంది. దుప్పటి కూడా విప్పలేదు. ట్రాలీ ఆటో వచ్చిన రోజు మా అమ్మ వాకిట్లో నిలబడి "సామాను పంపిండ్రంటే ఇగ పిలువరన్నట్టే" అంది. నేనూ అదే అనుకున్నాను. అడిగింది నేనే అయినా, మీరు పంపరనుకున్నాను. పంపము, వచ్చి తీసుకొనిపో అని రాస్తారనుకున్నాను.

అత్తమ్మా, నాగరాజు గారు తాగరు. నిమ్మళంగానే మాట్లాడతారు. ఆయన భార్య తనకు వేరే జీవితం కావాలని చట్టప్రకారం విడిపోయి చాలా ఏళ్ళయింది. మార్చిలో నన్ను పెళ్ళి చేసుకుందామా అని అడిగారు. నేను జవాబు చెప్పలేదు. ఆయన మళ్ళీ అడగలేదు, ఎక్స్‌రే గదిలోకి వెళ్ళేటప్పుడు మా తలుపు దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగుతారు. నాకు ఆయన అంటే గౌరవం, ఈ మధ్య ఇంకొంచెం ఎక్కువే. కానీ సరేనంటే జడ్చర్ల గేటు నా వెనక మూసుకుంటుందనిపించింది. గోపి గురించి మాట్లాడడానికి ఈ లోకంలో నాకు ఉన్నది మీరిద్దరే. ఆయనకు ఎంత చెప్పినా వినడమే, గుర్తు చేసుకోవడం ఆయనకు కుదరదు కదా.

ఇంకొకటి. గోడ కొట్టండి. కానీ పట్టాలు కలపకండి. బండి గుండ్రంగా తిరిగి అదే దారి మీదికి వచ్చినప్పుడు ఎడమ పట్టా పోయి కుడి పట్టాను కలుస్తుంది. రెండింటిలో కరెంటు వేరు. షార్టయి, నడిపే డబ్బా కాలిపోతుంది. మధ్యలో తెంచి, విడిగా ఒక స్విచ్ పెట్టాలి. ఇది రాస్తే అర్థమయ్యేది కాదు. నేను వస్తాను. ఈ నెల 23న, ఆదివారం, పొద్దున బస్సుకు.

సుహాసిని


కొల్లాపూర్,
30 జూలై 2023.

పూజ్యులైన మామయ్యకు,

క్షేమంగా చేరాను. బస్సు దిగేటప్పుడు వాన పట్టుకుంది, అంతే. అత్తమ్మ కట్టిన రొట్టెలు తడవలేదు.

ఆ రోజు మీతో చెప్పలేనివి ఇప్పుడు రాస్తున్నాను. మేడ మెట్లు ఎక్కుతుంటే అత్తమ్మ నా ముందు నడిచింది. నేను ఆగితే ఆమె కూడా ఆగింది. వెనక్కి తిరిగి చూడలేదు. హాల్లో వాసన మారలేదు. టంకం, స్పిరిట్, కొత్త చెక్క. గోపి మూల నుంచి లేచి "ఆ స్క్రూడ్రైవర్ ఇటియ్యి" అంటాడేమోనని ఒక్క క్షణం చెయ్యి చాచాను. మీరు చూసి, నిజంగానే స్క్రూడ్రైవర్ తెచ్చి నా చేతిలో పెట్టారు. దానితో పని మొదలుపెట్టగలిగాను.

స్విచ్ బిగించాక మీరు కింద జడ్చర్లలో బండి వదిలారు. నేను, అత్తమ్మ గదిలో ఉత్త మంచం మీద కూర్చున్నాం. బండి జిలేబిలోకి వెళ్ళాక కనబడదు, చప్పుడే. ఆ చప్పుడు ఒక్కో చుట్టు పైకి వస్తుంటే అత్తమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చప్పుడు ఆగిపోయినట్టయింది. మళ్ళీ వినబడింది. అప్పుడు గోడ బొక్కలోంచి ఇంజను ముక్కు బయటికి వచ్చింది. మా తలల పైన మెల్లగా, గోడ పొడుగునా, కిటికీ మీదుగా గుండ్రంగా తిరిగింది. మేము మెడలు ఎత్తి చూస్తూనే ఉన్నాం. చివరి పెట్టె కూడా బొక్కలోకి వెళ్ళిపోయింది.

మీరు అవతలి నుంచి "వచ్చిందా?" అని అడిగారు. "వచ్చింది" అని అత్తమ్మ, "పోయింది" అని నేను, ఒకేసారి అన్నాం.

మామయ్యా, బస్టాండులో మీరు నా పక్కనే నిలబడి బోర్డులన్నీ చదువుతున్నారు. నేను అడగబోతే కొల్లాపూర్ బస్సు వచ్చేసింది. అందుకని రాస్తున్నాను. నాగరాజు గారికి సరేనని చెప్పనా? గోపిని పక్కన పెట్టినట్టు మీకు అనిపిస్తే చెప్పను. నిజంగా చెప్పను.

సుహాసిని


జడ్చర్ల,
5 ఆగస్టు 2023.

చెప్పు బిడ్డా.

మీ అత్త ముహూర్తం ఎప్పుడని అడుగుతోంది.

వెంకటయ్య


కొల్లాపూర్,
10 డిసెంబర్ 2023.

పూజ్యులైన బాపుకు,

సుహాసిని నమస్కారాలు. నాగరాజు గారు కూడా మీకు, అమ్మకు నమస్కారాలు చెప్పమన్నారు.

పెళ్ళి రోజు మీరు వస్తారని అనుకున్నాను గాని, ముందు రోజే వస్తారని అనుకోలేదు. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకానికి పిలిచినప్పుడు మీరు చొక్కా జేబులోంచి మీ సొంత పెన్ను తీశారు. మా బాపు పక్కనే నిలబడి వేలిముద్ర వేశాడు. ఆ కాగితం మీద మీ ఇద్దరి పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి. మీరు పెట్టిన చీర కట్టుకొని మొన్న డ్యూటీకి వెళ్ళాను.

పిలుపు మార్చానని ఆశ్చర్యపోకండి. మా అమ్మ చెప్పింది. ఇప్పుడు నాగరాజు గారి నాన్ననే మామయ్య అనాలి, పాత పిలుపు కొనసాగిస్తే వాళ్ళింట్లో ఎవరైనా నొచ్చుకుంటారు, నీకు ఆ వరస తీరిపోయింది అంది. ఆ మాట విని నాకు బాధేసింది. మీ మీద నాకు ఇక ఏ హక్కూ లేదన్నట్టు అనిపించింది. ఏమీ కాకుండా పోవడం కంటే మీ కూతురిగా ఉండడం మేలనుకున్నాను. అందుకే బాపు అని రాశాను. మీరు ఒప్పుకోవాలి.

వీలైతే జనవరిలో మేమిద్దరం వస్తాం. ఆయన బండిని చూడాలంటున్నారు.

మీ
సుహాసిని


జడ్చర్ల,
24 డిసెంబర్ 2023.

చి.ల.సౌ. సుహాసినికి,

మీ ఇద్దరికీ మా ఇద్దరి ఆశీస్సులు.

ఉత్తరం విప్పగానే "పూజ్యులైన బాపుకు" అని చూసి, ఇది మీ ఇంటికి పోవలసింది ఇటు వచ్చిందనుకున్నాను. మళ్ళీ మడిచాను కూడా. తరువాత నీ దస్తూరి గుర్తుపట్టి చదివాను. మీ అత్తకు ఇంకా వినిపించలేదు. ముందు నీకు జవాబు రాద్దామని కూర్చున్నాను.

నాగరాజును తప్పక తీసుకొని రా. ఎక్స్‌రే తీసే మనిషి కదా, జిలేబి లోపల రెండో చుట్టులో బండి ఎందుకు కుదుపుతుందో ఆయన చూడగలడేమో. మీ గదిలో మంచం జరిపి వేశాం, పైన చెక్క తలకు తగలకుండా కొంచెం ఇవతలకి. మధ్యాహ్నం మీ అత్త అక్కడే నడుం వాలుస్తుంది. నేను బండి వదిలితే "వచ్చింది" అని అరుస్తుంది. ఆ తరువాత పోయిందని ఎవరూ అనరు. ఆమె అనదు.

ఇక పిలుపు సంగతి. సుహాసినీ, బాపు అని రాయకు.

నువ్వు ప్రేమతో రాశావని తెలుసు. చదివి సంతోషం కలగలేదని కాదు, ఆడపిల్ల లేనివాణ్ణి నేను. కానీ నీకు బాపు ఉన్నాడు. గుర్వయ్య అడవిలో గొర్రెల వెంట తిరుగుతూ నీ కోసమే బతుకుతున్నాడు. ఆ పిలుపు ఆయనది, అందులో నాకు వాటా వద్దు.

నా పిలుపు నాకుంది. మామయ్యా అనే పిలుపు నాకు గోపి తెచ్చిపెట్టాడు. వాడు నిన్ను ఈ ఇంటికి తెచ్చాడు గనుకే నేను ఎవరికైనా మామనయ్యాను. వాడికి ముందూ లేదు, వాడి తరువాత ఇంకొకరూ అలా పిలవరు. నువ్వు బాపు అంటే నాకు కూతురు దొరుకుతుంది, నిజమే. కానీ ఆ మాటలోంచి నా కొడుకు వెళ్ళిపోతాడు. నువ్వు మామయ్యా అన్నప్పుడల్లా, వాడు పక్క గదిలోనే ఉన్నట్టు ఉంటుంది నాకు.

నాగరాజు నాన్నను కూడా మామయ్య అనే పిలువు, ఆయనకు ఆ మర్యాద దక్కాలి. ఇద్దరు మామలుంటే తప్పేమిటి? నొచ్చుకుంటే నా దగ్గరికి పంపు, నేను మాట్లాడతాను. వరస తీరిపోయిందని మీ అమ్మ అన్నదానికి ఆమెను ఏమీ అనకు, లోకం అట్లాగే అంటుంది. నువ్వు మాత్రం అనుకోకు.

ఈ ఉత్తరానికి జవాబు రాసేటప్పుడు పైన సరిగ్గా రాయి.

మీ మామ,
వెంకటయ్య